బ్లాక్ నడుమ చూస్తే మిషన్ తెలుస్తుంది: నల్లగొండ నుంచి ఒక పెర్ఫొరేషన్ డైరీ

మే, మొదటి వారం

మిర్యాలగూడ నుంచి మా మేనమామ పంపిన డబ్బా అందింది. పాత బిస్కెట్ డబ్బా, లోపల గ్లాసిన్ కవర్లు, కవర్లలో బ్లాకులు, అంటే విడదీయని నాలుగేసి స్టాంపుల ముక్కలు. మామకు ఎరువుల దుకాణం ఉండేది. రిజిస్టర్ ఉత్తరాలకనీ మనియార్డర్లకనీ పోస్టాఫీసుకు వెళ్లినప్పుడు కౌంటర్లో కొత్త స్టాంపు ఏది కనబడినా నాలుగు కలిసి ఉన్న ముక్క చింపించుకొచ్చేవాడు. విడి స్టాంపు ఒక్కటి కొనడం ఆయనకు నామోషీ. ఆ నామోషీ పుణ్యమా అని ఇప్పుడు నాకు పని దొరికింది.

అనుకున్నది ఇది: స్టాంపుల ప్రదర్శనకు పదహారు ఏ4 పేజీలు, ఒక్క ఫ్రేము (పేజీలు పెట్టి చూపించే బోర్డు). విషయం పెర్ఫొరేషన్. స్టాంపు మీద ఎవరి బొమ్మ ఉంది, ఏ సందర్భానికి వేశారు అన్నది పక్కన పెట్టి, స్టాంపుల మధ్య బెజ్జాల వరసలనే చూపించాలి. క్లాక్ టవర్ సెంటర్ దగ్గర నాది డీటీపీ షాపు. మంచి ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంది. రాత్రి ఎనిమిది దాటితే గిరాకీ ఉండదు. ఇంతకు మించి పెట్టుబడి అక్కర్లేదు.

మామకు ఫోన్ చేసి చెప్పాను.

"బొమ్మలిడిసిపెట్టి బొక్కలు లెక్కపెడ్తవా అల్లుడా? గిదేం పనిరా!" అని పడీపడీ నవ్వాడు.

"ఆ బొక్కలకే ధర మామా" అన్నాను. నవ్వు టక్కున ఆగింది. "మరి డబ్బా జాగ్రత్త" అన్నాడు.

అదే వారం, కొలతల సంగతి

పక్క జిరాక్స్ షాపాయన కూతురు ఎనిమిదో తరగతి. పోస్టల్ శాఖ వాళ్ల దీన్ దయాళ్ స్పర్శ్ స్కాలర్‌షిప్‌కు రాయాలని చూస్తోంది. 2017లో మొదలైన పథకం అది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు ఏడాదికి 6000 రూపాయలు, క్విజ్‌తో పాటు స్టాంపుల మీద ఒక ప్రాజెక్టు కూడా చేయాలి. రోజూ సాయంత్రం వచ్చి నా టేబుల్ పక్కన నిలబడుతోంది. అది అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడానికైనా నేను మొదటి పేజీ సరిగ్గా రాసుకోవాల్సి వచ్చింది.

ప్రపంచంలో మొదటి స్టాంపు, 1840 నాటి పెన్నీ బ్లాక్‌కు బెజ్జాలు లేవు. కత్తెరతో కత్తిరించుకోవాల్సిందే. 1854లో కలకత్తాలో అచ్చు వేసిన మన అర్ధణా స్టాంపులదీ అదే కథ. హెన్రీ ఆర్చర్ అనే ఐర్లండ్ ఆయన 1840ల చివర్లో బెజ్జాలు వేసే మిషన్ మీద పడ్డాడు. బ్రిటన్‌లో 1854 నుంచి అధికారికంగా బెజ్జాల స్టాంపులు వచ్చాయి. ఆ వెనకే లండన్‌లో డి లా ర్యూ అచ్చు వేసి పంపిన భారత స్టాంపులు కూడా బెజ్జాలతోనే దిగాయి. ఇక కొలత విషయానికొస్తే, 1866లో పారిస్‌లో లెగ్రాండ్ అనే డాక్టర్ ఒక పద్ధతి పెట్టాడు: రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని బెజ్జాలుంటే అది ఆ స్టాంపు పెర్ఫ్. ఇప్పటికీ ప్రపంచమంతా అదే లెక్క. 14½×14 అని రాస్తే మొదటిది అడ్డం వరస, రెండోది నిలువు వరస. నాలుగు వైపులా ఒకటే అయితే ఒక్క అంకె చాలు.

పిల్ల అడిగింది: "బెజ్జాలు లెక్కపెట్టాల్నా, పళ్లు లెక్కపెట్టాల్నా అంకుల్?" ప్రశ్న బాగుంది. నేను రెండూ లెక్కపెట్టను, సందులు లెక్కపెడతాను. ఒక బెజ్జం నడిమధ్య నుంచి పక్క బెజ్జం నడిమధ్య దాకా ఒక సందు. మొదటి బెజ్జాన్నీ చివరి బెజ్జాన్నీ కలిపి లెక్కపెడితే ఒకటి ఎక్కువ వస్తుంది, 13 కాస్తా 14 అయి కూర్చుంటుంది. బజారులో ధర మారిపోయే తేడా అది.

మే, మూడో వారం

పెర్ఫ్ కొలిచే పారదర్శకమైన ప్లాస్టిక్ గేజ్ ఒకటి నా దగ్గర చాలాకాలంగా ఉంది. ఏటవాలు గీతలుంటాయి, బెజ్జాల వరస మీద జరుపుతూ పోతే గీతలన్నీ బెజ్జాల మధ్యలోంచి పోయే చోటు దొరుకుతుంది. విడి స్టాంపుకు అది చాలు. కానీ 14కూ 14¼కూ తేడా తేల్చాలంటే రెండు సెంటీమీటర్ల స్టాంపు మీద పావు సందు తేడా కనిపెట్టాలి. కళ్లు లాగేస్తాయి. బ్లాక్ అయితే పొడవు రెట్టింపు కాబట్టి తేడా కూడా అర సందుకు పెరుగుతుంది. బ్లాకుల మీద పని చేయడంలో మొదటి లాభం ఇదే.

రెండో లాభం స్కానర్. 1200 డీపీఐ (అంగుళానికి 1200 పిక్సెళ్లు) దగ్గర రెండు సెంటీమీటర్లంటే 945 పిక్సెళ్లు, పక్కాగా చెప్పాలంటే 944.9. మొదటి బెజ్జం మధ్య నుంచి చివరి బెజ్జం మధ్య దాకా పిక్సెళ్లు కొలిచి, సందుల సంఖ్యను 944.9తో గుణించి, ఆ పిక్సెళ్లతో భాగిస్తే పెర్ఫ్ వచ్చేస్తుంది. ఉదాహరణకు 34 సందులకు 2301 పిక్సెళ్లు వస్తే 13.96, అంటే 14. 32 సందులకు 2306 వస్తే 13.11, అంటే 13. ఎక్సెల్ షీట్లో ఫార్ములా పెట్టేశాను.

ఒక్క చిక్కు. స్కానర్‌ను గుడ్డిగా నమ్మకూడదు. స్టీలు స్కేలు పెట్టి పది సెంటీమీటర్లు రెండు దిక్కుల్లోనూ స్కాన్ చేశాను. లెక్క ప్రకారం 4724 పిక్సెళ్లు రావాలి. అడ్డంగా పెడితే సరిగ్గా వచ్చింది, దీపం కదిలే దిక్కులో పెడితే 4731. మోటారు లాగే వేగంలో ఉన్న తేడా అది. 14 మీద 0.02 మాత్రమే పడుతుంది కనుక పెద్ద నష్టం లేదు, అయినా బ్లాకును ఎప్పుడూ ఒకే దిక్కున పెట్టి, తిప్పి రెండోసారి స్కాన్ చేస్తున్నాను. అడ్డం కొలతా నిలువు కొలతా రెండూ మోటారు లేని దిక్కులోనే తీసుకుంటాను. బ్లాకు వెనక నల్ల చార్టు పెట్టడం తప్పనిసరి. స్కానర్ మూత తెల్లగా ఉంటే బెజ్జం అంచు ఎక్కడ ముగిసిందో తెలియదు.

రోహిణి కార్తె

రోళ్లు పగిలే ఎండలు. షాపులో కూలర్ ఆపితే చెమట, ఆన్ చేస్తే తడి గాలి. గమ్ ఉన్న బ్లాకులకు రెండూ శత్రువులే. ఎండకు ఒక బ్లాకు గొట్టంలా చుట్టుకుపోయింది. బలవంతంగా సాపు చేస్తే బెజ్జాల మధ్య వంతెనలు పుటుక్కుమంటాయి. రెండు బ్లాటింగ్ కాగితాల మధ్య పెట్టి లావుపాటి పాత టెలిఫోన్ డైరెక్టరీ కింద ఒక రాత్రి వదిలేస్తే దానంతటదే దారికొచ్చింది.

ఈ గొడవలోనే ఒక సందేహం వచ్చింది. కాగితం తేమకు సాగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. మరి పెర్ఫ్ కూడా మారాలి కదా? కాగితం నారకు అడ్డంగా ఎక్కువ, నార వెంబడి తక్కువ మారుతుందన్నది తెలిసిందే. కొన్ని బ్లాకులను పక్కన పెట్టాను, వానలు పడ్డాక మళ్లీ కొలుద్దామని. (జూలై చివర్లో రాస్తున్నది: అవే బ్లాకులు, అదే స్కానర్. తేడా రెండో దశాంశంలోనే కనబడింది, అందులోనూ నా చేతి తేడా ఎంతో చెప్పలేను. కాబట్టి పెర్ఫ్ రకం మారిందనడానికి వాతావరణాన్ని సాకుగా చూపడం కుదరదు. కవరు మీంచి నీళ్లలో నానబెట్టి తీసిన విడి స్టాంపుల సంగతి వేరు, వాటిని ఈ లెక్కలోకి తీసుకురాను.)

జూన్, వానల మొదట్లో

అసలు పని ఇప్పుడు మొదలైంది. ఇన్నాళ్లూ అంకెల చుట్టూ తిరిగాను, ఇప్పుడు బ్లాక్ నడిమధ్యకు వచ్చాను.

నాలుగు స్టాంపులు కలిసే చోట అడ్డం వరసా నిలువు వరసా ఒకదాన్నొకటి దాటుతాయి. పది రెట్ల భూతద్దం పెట్టి ఆ చోటు చూస్తే, ఏ రకం మిషన్ వాడారో సగం కథ అక్కడే తెలుస్తుంది. విడి స్టాంపుకు మూల పన్ను మాత్రమే మిగులుతుంది, దాన్ని చింపిన తీరును బట్టి అది ఎలాగైనా కనబడొచ్చు. బ్లాకులో ఆ కూడలి చెక్కుచెదరకుండా ఉంటుంది.

లైన్ మిషన్ ఒకసారికి ఒక గీతే వేస్తుంది. షీటు అంతటికీ అడ్డం గీతలు వేసి, షీటును తిప్పి నిలువు గీతలు వేస్తారు. రెండోసారి వేసేటప్పుడు మొదటిసారి బెజ్జాలు ఎక్కడున్నాయో మిషన్‌కు పట్టదు. కాబట్టి కూడలిలో ఒకచోట రెండు బెజ్జాలు ఒకదాని మీదొకటి పడి ఎనిమిది అంకెలాగా తయారవుతాయి, ఇంకోచోట బెజ్జమే పడక సన్నటి కాగితపు ముడి మిగులుతుంది. అదే షీటులో ఒక కూడలికీ మరో కూడలికీ పోలిక ఉండదు.

కోంబ్ మిషన్, అంటే దువ్వెన మిషన్, ఒక్క దెబ్బకు ఒక వరస స్టాంపులకు మూడు వైపులా బెజ్జాలు వేస్తుంది. పొడుగాటి అడ్డం వరస ఒకటి, దానికి దువ్వెన పళ్లలా పొట్టి నిలువు వరసలు. షీటు ఒక స్టాంపు ఎత్తు ముందుకు జరుగుతుంది, మళ్లీ దెబ్బ. రెండో దెబ్బ అడ్డం వరసతో మొదటి దెబ్బకు నాలుగో వైపు మూసుకుంటుంది. ఇందులో కూడలి బెజ్జం ఒక్కటే ఉంటుంది, గుండ్రంగా, తన చోట తాను. బ్లాకు తర్వాత బ్లాకు తీసినా అదే తీరు. హారో మిషన్ అని మూడోది ఉంది, షీటు మొత్తానికీ ఒకే దెబ్బ. దాన్ని బ్లాకులో కోంబ్ నుంచి విడదీయడం కష్టం, పూర్తి షీటు కావాలి. నేను ఆ జోలికి పోవడం లేదు.

భూతద్దం లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. బ్లాకులో ఎడమ స్టాంపు పైవైపు బెజ్జాలు లెక్కపెట్టండి, కుడి స్టాంపువీ లెక్కపెట్టండి. కోంబ్‌లో రెండూ సమానంగా ఉండి తీరాలి, ఎందుకంటే ఆ దువ్వెనను ఆ స్టాంపు కొలతకే తయారు చేస్తారు. లైన్ మిషన్‌లో సూదుల ఎడానికీ స్టాంపు వెడల్పుకూ పొత్తు ఉండదు కనుక ఒకదానికి ఒకటి ఎక్కువో తక్కువో రావచ్చు. పిల్లకు ఇది చూపించాను. అరగంటలో డబ్బాలో ఉన్న బ్లాకులన్నీ రెండు కుప్పలు పోసింది. దాదాపు అన్నీ కోంబ్ కుప్పలోకే వెళ్లాయి. మామ కొన్నవన్నీ స్వాతంత్ర్యం తర్వాతివి, చాలామటుకు నాసిక్ సెక్యూరిటీ ప్రెస్‌వి. ఆశ్చర్యమేమీ లేదు.

మార్జిన్ ఉన్న బ్లాకులైతే ఇంకా మంచిది. లైన్ గీతలు మార్జిన్ దాటుకుని కాగితం చివరిదాకా పోతాయి. కోంబ్‌లో ఒకవైపు మార్జిన్‌లోకి ఒక్క బెజ్జమే దూరి ఆగిపోవచ్చు, ఇంకోవైపు మొత్తం పోవచ్చు, అది దువ్వెన కట్టిన తీరును బట్టి ఉంటుంది. మార్జిన్‌లో రంగుల చుక్కలుంటాయి కదా, మన కలెక్టర్లు ట్రాఫిక్ లైట్స్ అంటారు, అవి ఉన్న బ్లాకులకు జనం ఎగబడతారు. నా దృష్టిలో ఆ చుక్కల కన్నా పక్కనున్న బెజ్జాలే ఎక్కువ చెబుతాయి. ఎవరి పిచ్చి వాళ్లకానందం.

జూన్ చివర

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన పేజీ ఇదే కాబోతోంది.

1980ల నాటి స్మారక స్టాంపు బ్లాకు ఒకటి, దాని విడుదల బ్రోషర్‌తో సహా మామ దాచాడు. ఆ కాలపు బ్రోషర్లలో సాంకేతిక వివరాలు అచ్చు వేసేవారు. కొలత 3.91×2.90 సెంటీమీటర్లు, పెర్ఫ్ 13×13 అని ఉంది. పొట్టి వైపు స్కాన్ చేసి లెక్క వేస్తే నాకు 13.06 వస్తోంది. స్కేలు సరిచూశాను, మోటారు దిక్కు కాదు, కాగితం సాపుగానే ఉంది. 0.06 చిన్నదే, కానీ ప్రతిసారీ అటువైపే వస్తుంటే ఊరుకోబుద్ధి కాదు.

దాంతో మొత్తం పొడవు కాకుండా ఒక్కో సందునూ విడిగా కొలిచాను. పెర్ఫ్ 13కు ఒక్కో సందు 1.54 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 72.7 పిక్సెళ్లు ఉండాలి. వరసగా 73, 72, 73, 73, 72 అని వస్తూ వస్తూ, స్టాంపు అడుగున ఉన్న చివరి సందు 66 దగ్గర ఆగింది. పక్క నిలువు వరస చూశాను. అక్కడా చివరిదే 66. కింది స్టాంపుల్లోనూ అడుగు సందు ఒక్కటే పొట్టిది. మిగతా 18 సందులూ ఒకే కొలత.

అంటే అది దెబ్బకూ దెబ్బకూ మధ్య అతుకు. దువ్వెన పొట్టి వరస ఎక్కడ ముగిసిందో అక్కడి నుంచి తర్వాతి దెబ్బ అడ్డం వరస దాకా ఉన్న సందును సూదులు నిర్ణయించవు, షీటు ఎంత జరిగిందన్నదే నిర్ణయిస్తుంది. ఆ రోజు ఆ మిషన్ షీటును మిల్లీమీటరులో ఏడో వంతు తక్కువ జరిపింది. ప్రెస్‌లో మిషన్ దగ్గర నిలబడ్డ మనిషికి కూడా కనబడని తేడా. నలభై ఏళ్ల తర్వాత నల్లగొండలో స్క్రీన్ మీద కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

ఆ ఒక్క సందు తీసేసి లెక్క వేస్తే సరిగ్గా 13.0. బ్రోషర్ అబద్ధం చెప్పలేదు. బ్రోషర్ చెప్పింది సూదుల ఎడం, నేను కొలిచింది సూదులతో పాటు షీటు నడకను కూడా. కేటలాగ్‌లో 13, 13¼ అని దగ్గర దగ్గర అంకెలు ఉన్నప్పుడు ఈ అతుకు సందును కలిపి కొలిస్తే తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది. విడి స్టాంపులో ఆ పొట్టి సందు మూల పన్నులో కలిసిపోయి, చింపడంలో దెబ్బతిన్న పన్నులా కనబడుతుంది. బ్లాకు ఉండబట్టి, నాలుగు చోట్లా ఒకేలా ఉండబట్టి తెలిసింది.

ఇంకో లాభం: అతుకు పైన ఉందా కింద ఉందా చూస్తే షీటు మిషన్‌లోకి ఏ తల నుంచి వెళ్లిందో చెప్పొచ్చు. ఇక నుంచి ప్రతి బ్లాకు పక్కనా ఒక చిన్న బాణం గుర్తు వేస్తున్నాను.

జూలై, కాలువ బ్లాకులు

1979లో మొదలైన సాధారణ స్టాంపుల సిరీస్ అంటే పెర్ఫ్ పిచ్చోళ్లకు పండగ. 5 పైసల చేప, 10 పైసల సాగునీటి కాలువ, 25 పైసల కోడిపిల్ల, రూపాయి పత్తి, 2 రూపాయల చేనేత. ఊరి బతుకంతా అందులోనే ఉంది. ఈ సిరీస్ ఏళ్ల తరబడి అచ్చవుతూ పోవడంతో మధ్యలో వాటర్‌మార్క్ (కాగితంలోనే ఉండే గుర్తు) ఉన్న కాగితం పోయి లేనిది వచ్చింది, పెర్ఫ్‌లూ మారాయి.

కాలువ స్టాంపు మామకు ఇష్టమట. నాగార్జునసాగర్ నీళ్లు 1967 ఆగస్టులో వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ పొలాల్లోకి వచ్చాక ఎరువుల దుకాణాలు లేచాయి, అందులో మామది ఒకటి. కాబట్టి కాలువ బ్లాకు కనబడ్డప్పుడల్లా కొన్నాడు. ఉన్నదే కదా అని ఊరుకోలేదు. చూడటానికి అన్నీ ఒకటే.

స్కాన్ చేస్తే ఒకటి కావు. ఒక కవర్లోది పది సందులకు 727 పిక్సెళ్లు, అంటే 13. ఇంకో కవర్లోది అడ్డం పది సందులకు 652, నిలువు 675. అంటే 14½×14. మొదటి దాన్ని వేలితో తడిమితే పళ్లు మొద్దుగా తగులుతాయి, రెండోదానివి సన్నగా ఉంటాయి. పక్కపక్కన పెడితే గేజ్ లేకుండానే చెప్పేయొచ్చు. విడివిడిగా చూస్తే ఎవరూ పట్టుకోలేరు.

ఒక పేజీ మీద రెండు బ్లాకులూ పక్కపక్కన, కింద రెండు కూడళ్ల పెద్ద ఫోటోలు. రాత రెండే వాక్యాలు. ఈ పేజీకి అంతకన్నా మాటలు అక్కర్లేదు.

మామకు చెప్పాను. "రెండు తీర్లున్నయా? నేను కొన్నప్పుడు ధర ఒకటే తీస్కున్నడు గదా" అన్నాడు. పోస్టాఫీసు ఎప్పుడూ ఒకటే ధర తీసుకుంటుంది మామా, తేడా తర్వాత మనం పెట్టుకున్నది అంటే, "మంచి యాపారమే" అన్నాడు.

జూలై, చార్మినార్

మహబూబ్‌నగర్‌లో ఒక వకీలు గారి దగ్గర నిజాం స్టాంపులున్నాయని తెలిసి వెళ్లాను. పెద్దాయన చాయ్ తాగించి గాని ఆల్బమ్ తెరవలేదు. వాళ్ల ఊరికి ఆ పేరు 1890లో పెట్టారు, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద. ఆయన రెండేళ్ల పిల్లాడిగా గద్దెనెక్కిన 1869లోనే హైదరాబాద్ సంస్థానం మొదటి స్టాంపు వచ్చింది. ఈ రెండూ ఒకే ఏడాది జరిగాయని ఆయనే చెప్పారు, ఎంతో ముచ్చటగా.

హైదరాబాద్ స్టాంపుల్లో పెర్ఫ్ రకాలు నాసిక్ వాటి కన్నా ఎక్కువ. తొలి ఓలివ్ రంగు అణా స్టాంపు 11½. తర్వాత ఏళ్ల తరబడి నడిచిన స్టాంపుల్లో 12½ ఎక్కువగా కనబడుతుంది. 1931లో వచ్చిన బొమ్మల సిరీస్, అంటే చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్ సాగర్, అజంతా గుహల ద్వారం, బీదర్ మదరసా ఇవన్నీ 13½. సంస్థానం విలీనమైన తర్వాత కూడా కొంతకాలం చెల్లి, 1950లో భారత స్టాంపులకు చోటిచ్చి తప్పుకున్నాయి.

వకీలు గారిది ఒక అణా చార్మినార్ బ్లాకు, వాడనిది. ఇంటికి పంపడం కుదరదన్నారు, సబబే. నా ల్యాప్‌టాప్, చిన్న స్కానర్ పట్టుకుపోయింది అందుకే. కొలత 13½ దగ్గరే తేలింది. కానీ కూడలి దగ్గర భూతద్దం పెడితే వేరే లోకం. బెజ్జాల అంచులు గరుకుగా ఉన్నాయి. రెండు చోట్ల సూది కాగితాన్ని పూర్తిగా తెంపలేదు, గుండ్రటి కాగితపు బిళ్ల ఒక పక్కన అతుక్కుని తలుపులా వేలాడుతోంది. ట్వీజర్స్‌తో తీసేద్దామా అని వకీలు గారే అడిగారు. వద్దే వద్దన్నాను. ఆ బిళ్ల ఉన్నంతకాలం అది ఆనాటి మొండి సూది చేసిన పని అని తెలుస్తుంది. తీసేస్తే మామూలు బెజ్జమే.

ఫోటోలు వాడుకోవడానికి ఒప్పుకున్నారు. అయితే ప్రదర్శనలో ఫోటో పెడితే మార్కులు రావు, అసలు బ్లాకు కావాలి. దానికోసం వెతుకులాట మొదలు.

ఆగస్టు

ఒక డీలరు దగ్గర్నుంచి ఒక బ్లాకు వచ్చింది, చూసి డబ్బులు పంపమన్నాడు. రెండు స్టాంపుల మధ్య నిలువు బెజ్జాలు లేవు, "ఇంపెర్ఫ్ బిట్వీన్" అని రాశాడు, ధర వేలల్లో. అలాంటిది నిజమైతే నా ఫ్రేముకు కిరీటమే.

నల్ల కాగితం మీద బోర్లా పెట్టి, టేబుల్ ల్యాంపును దాదాపు టేబుల్ ఎత్తుకు దించి పక్కనుంచి వెలుతురు పడనిచ్చాను. గమ్ మీద వరసగా చిన్న చిన్న గుంటలు లేచాయి. సూదులు పడ్డాయి, కాగితాన్ని తాకాయి, తెగలేదు. దీన్ని బ్లైండ్ పెర్ఫ్ అంటారు. మిషన్ ఆ వరస వేయకుండా వదిలేస్తే వచ్చేది ఇంపెర్ఫ్, వేసినా సూదులు అరిగి తెగకపోతే వచ్చేది బ్లైండ్. మొదటిది అరుదు, రెండోది సరదా. ధరలో పోలికే లేదు. స్కాన్‌లో ఆ గుంటల ఎడం కొలిస్తే పై వరస బెజ్జాల ఎడంతో అచ్చంగా సరిపోయింది, ఇక అనుమానం లేదు.

డీలరుకు ఫోటోలు పంపాను. ఒప్పుకోలేదు, వాదించనూ లేదు, బ్లాకు వెనక్కి పంపమన్నాడు. రిజిస్టర్ పోస్టు ఖర్చు నాది. కొనబోయేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: వెలుతురు పైనుంచి పడితే గుంటలు కనబడవు. పక్కనుంచి పడాలి, గమ్ వైపు చూడాలి. ఫోటో మాత్రమే పంపి అమ్మేవాళ్లను గమ్ వైపు ఫోటో కూడా అడగండి.

బ్లైండ్ పెర్ఫ్ మీద కూడా ఒక పేజీ ఉండాలని అప్పుడే అనిపించింది. న్యాయమైన ధరకు ఇంకోచోట ఒకటి దొరికింది. దాని కింద బ్లైండ్ పెర్ఫ్ అని పెద్దక్షరాల్లోనే రాశాను.

సెప్టెంబర్

పదహారింటిలో పన్నెండు పేజీలు కుదిరాయి. వరస ఇలా పెట్టాను: ముందు బెజ్జం లేని కాలం గురించి అర పేజీ, తర్వాత కూడళ్లు, తర్వాత అతుకు సందు, కాలువ బ్లాకులు, చివరికి బ్లైండ్ పెర్ఫ్. కొలతల పట్టిక పెట్టాలా వద్దా అని చాలా ఆలోచించాను. జడ్జీలు పట్టికలు ఇష్టపడతారు, చూడ్డానికొచ్చే జనం ఇష్టపడరు. పట్టిక తీసేసి, ప్రతి బ్లాకు కింద ఒకే గీతలో పెర్ఫ్, మిషన్ రకం, అతుకు బాణం రాస్తున్నాను. జడ్జీకి అది చాలు.

బ్లాకులను హింజ్‌తో (వెనక అతికించే చిన్న గమ్ కాగితంతో) అంటించే ప్రసక్తే లేదు, గమ్ పాడవుతుంది. పారదర్శక మౌంట్లు (స్టాంపును లోపల దూర్చే తొడుగులు) తెప్పించాను. నల్ల వెనకభాగం ఉన్నవి, బెజ్జాలు తేటగా కనబడాలని. తెల్ల వెనకభాగం ఉన్న మౌంట్లో పెట్టి పెర్ఫొరేషన్ ప్రదర్శన పెట్టేవాళ్లను చూశాను, ఏం చూపిద్దామనో అర్థం కాలేదు.

జిరాక్స్ షాపాయన కూతురు తన ప్రాజెక్టుకు విషయం ఎంచుకుంది: ఒకే బ్లాకులో ఎడమ, కుడి స్టాంపుల బెజ్జాల లెక్క. నా పేజీల్లోంచి ఏమీ తీసుకోనంది. హెడ్ పోస్టాఫీసులో 200 రూపాయలతో ఫిలాటలీ డిపాజిట్ ఖాతా తెరిపించాం. స్కాలర్‌షిప్‌కు అదీ కావాలి, పైగా కొత్త బ్లాకులు ఇంటికే వస్తాయి.

మిగిలిన నాలుగు పేజీల్లో ఒకటి 1948 గాంధీ స్టాంపులది. స్విట్జర్లండ్‌లో కూర్వాజియర్ సంస్థ అచ్చు వేసింది, పెర్ఫ్ 11½, పెద్ద పెద్ద బెజ్జాలు. పది రూపాయల బ్లాకు నా తాహతుకు అందదు, ఒకటిన్నర అణాల బ్లాకు చూస్తున్నాను. రెండో పేజీ చార్మినార్‌ది, బిళ్లలు వేలాడే బ్లాకు దొరికితేనే పెడతాను. మిగతా రెండింటికి లైన్ పెర్ఫ్ బ్లాకులు కావాలి, మార్జిన్‌తో. మామ డబ్బాలో అవి లేవు. దుకాణం పైన అటకలో ఇంకో డబ్బా ఉండాలి, వచ్చే ఆదివారం నిచ్చెన వేసి చూద్దాం రమ్మన్నాడు.